గృహ కంప్యూటరులో కల్పిత యంత్రం: వర్చువలైజేషన్ చిక్కులు, వాటి శోధన

ఒకే కంప్యూటరులో రెండు మూడు ఆపరేటింగ్ సిస్టములను ఏకకాలంలో, ఒకదానితో మరొకటి కలిసిపోకుండా నడిపించే పద్ధతికి వర్చువలైజేషన్ అని పేరు. అట్లు సృష్టింపబడిన రెండవ కంప్యూటరుకు పెట్టె లేదు, తీగలు లేవు, మీటలు లేవు. అయినను అందులో నడిచే వ్యవస్థ తనకొక ప్రాసెసరు, తనదైన ర్యామ్, తనదైన డిస్కు ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. దీనిని ఈ వ్యాసంలో కల్పిత యంత్రమని వ్యవహరిస్తాము. దానికి చోటిచ్చిన అసలు కంప్యూటరును ఆతిథేయి అనీ, లోపల నడిచే వ్యవస్థను అతిథి అనీ అనడం పరిపాటి.

మన కళాశాల విద్యార్థులలో అనేకుల ఇండ్లలో కంప్యూటరు ఒక్కటే. అందులోనే తండ్రిగారి దుకాణపు లెక్కలు, అక్కయ్య ఉద్యోగ దరఖాస్తులు, తమ్ముడి పాఠాలు. అట్టి యంత్రంలో విండోస్‌ను తొలగించి లినక్స్ ఎక్కించి అభ్యాసం చేస్తామంటే ఇంటివారు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. కల్పిత యంత్రంలోనైతే విద్యార్థి లినక్స్‌ను ఎక్కించవచ్చు, పాడుచేయవచ్చు, తుడిచివేసి మళ్లీ ఎక్కించవచ్చు. ఇంటి లెక్కలకు హాని లేదు.

అయితే వర్చువల్‌బాక్స్ వంటి సాధనాన్ని ఎక్కించి, ఉత్సాహంతో మొదటి కల్పిత యంత్రాన్ని ప్రారంభించగానే అనేకులకు ఎదురయ్యేది ఒక ఎర్రని హెచ్చరిక: వీటీ-ఎక్స్ లభ్యం కాదని గాని, బయోస్‌లో నిలిపివేయబడినదని గాని అది చెబుతుంది. ఈ సందేశాన్ని చూచి ఒక విద్యార్థి తన కంప్యూటరును మరమ్మతు దుకాణానికి తీసికొనిపోగా, మదర్‌బోర్డు మార్చవలెనని అక్కడ చెప్పారట. ఆ యంత్రంలో లోపమేమీ లేదు. లోపల ఒక అమరిక మాత్రమే మూసి ఉంది. ఇట్టి వృథా వ్యయాన్ని నివారించడానికే ఈ విషయాన్ని కొంత విపులంగా వ్రాస్తున్నాము. చిక్కు ఎక్కడ ఉన్నదో తెలియాలంటే, కల్పిత యంత్రానికి ప్రాసెసరు సహాయం అసలు ఎందుకు కావలసి వచ్చిందో ముందు తెలియవలెను.

ప్రాసెసరు సహాయం ఎందుకు?

కల్పిత యంత్రమనే భావన కొత్తది కాదు. 1960లలోనే ఐబీఎం సంస్థవారు పెద్ద కంప్యూటర్లలో దీనిని ప్రయోగించారు. 1972లో వీఎం/370 అనే వ్యవస్థను ప్రకటించారు. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు ఏ ప్రాసెసరు కల్పిత యంత్రాలకు అనుకూలమో నిర్ణయించే సూత్రాన్ని ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. ఆ సూత్రం నేటికీ పాఠ్యాంశమే.

దాని సారాంశాన్ని మన వాడుకలోని ఒక ఉపమానంతో చెప్పుకొందాము. ఒక ఇంటిలో యజమాని, కొందరు కిరాయిదారులు ఉన్నారనుకొందాము. కిరాయిదారు తన గదిలో వండుకోవచ్చు, చదువుకోవచ్చు. అందులో యజమాని జోక్యం అవసరం లేదు. కాని ఇంటి మొత్తానికి నీరు వచ్చే కవాటాన్ని గాని, కరెంటు మెయిన్‌ను గాని అతడు ముట్టుకొంటే వెంటనే యజమాని గదిలో గంట మ్రోగవలెను. యజమాని వచ్చి, ఇతరులకు ఇబ్బంది లేని విధంగా ఆ పని తానే చేసిపెట్టవలెను. ప్రాసెసరులో కూడ అంతే. సాధారణ ఆదేశాలను అతిథి నేరుగా అమలుచేసుకోవచ్చు. యంత్రం మొత్తం స్థితిని మార్చే లేదా బయటపెట్టే సున్నిత ఆదేశాలు వచ్చినప్పుడు మాత్రం ప్రాసెసరు ఆగి, అధికారాన్ని పర్యవేక్షక ప్రోగ్రాముకు అప్పగించవలెను. ప్రతి సున్నిత ఆదేశానికీ గంట మ్రోగితే ఆ ప్రాసెసరు కల్పిత యంత్రాలకు తగినది.

మన ఇండ్లలోని ఇంటెల్, ఏఎండీ వంశపు ప్రాసెసర్లు చాలాకాలం ఈ పరీక్షలో నెగ్గలేదు. పెంటియం ప్రాసెసరులో ఇట్లు గంట మ్రోగని సున్నిత ఆదేశాలు 17 ఉన్నవని 2000లో ఇద్దరు పరిశోధకులు లెక్కతేల్చారు. ఉదాహరణకు 'పాప్ఎఫ్' అనే ఆదేశం ఉంది. అంతరాయాలను అనుమతించే గుర్తును దాని ద్వారా మార్చవచ్చు. అధికారం లేని ప్రోగ్రాము దానిని ఉపయోగిస్తే ప్రాసెసరు తప్పు అని చెప్పదు, పనీ చేయదు. ఆ ఒక్క గుర్తును మాత్రం మార్చకుండా మౌనంగా ముందుకు పోతుంది. అతిథి మాత్రం పని జరిగిందనే అనుకొంటుంది. అక్కడినుండి దాని లెక్క తప్పుతుంది.

1999లో వీఎంవేర్ సంస్థవారు విడుదల చేసిన వర్క్‌స్టేషన్ ఈ లోపాన్ని దుబాసీ పద్ధతిలో అధిగమించింది. సభలో ఉర్దూ ప్రసంగాన్ని తెలుగులో వినిపించే దుబాసీని మన కళాశాలలో చూడనివారుండరు. ఇక్కడి దుబాసీ మరింత జాగరూకుడు. అతిథి వ్యవస్థ పలుకబోయే ఆదేశాలను ముందుగానే చదివి, ప్రమాదకరమైన వాటిని హానిలేని వేరొక ఆదేశాల వరుసగా మార్చి, ఆ తరువాతనే ప్రాసెసరుకు అందిస్తాడు. ఇది ఎంతో మేధాశక్తితో కూడిన పరిష్కారమే గాని, దీనిని వ్రాయడం కష్టం. అన్ని పనులలోను వేగం ఒకే తీరుగా ఉండదు.

చివరకు ప్రాసెసరు తయారీదారులే గంటలు అమర్చారు. ఇంటెల్ వారు 2005 నవంబరులో పెంటియం 4లోని 662, 672 నమూనాలతో వీటీ-ఎక్స్ అనే సదుపాయాన్ని ప్రవేశపెట్టారు. 2006లో ఏఎండీ వారు అథ్లాన్ 64 శ్రేణిలో తమ పద్ధతిని తెచ్చారు. దానినే ఏఎండీ-వీ అనీ, ఎస్‌వీఎం అనీ అంటారు. ర్యామ్ చిరునామాలను రెండవ అంచెలో కూడ ప్రాసెసరే మార్చిపెట్టే ఏర్పాటు ఏఎండీలో 2007లోను, ఇంటెల్‌లో 2008లోను వచ్చింది. కల్పిత యంత్రం అసలు యంత్రానికి దగ్గరి వేగంతో నడవడం చాలవరకు ఈ రెండవ ఏర్పాటు చలవయే.

ఇందులో విద్యార్థులు గమనింపవలసిన విషయమొకటి ఉంది. 2019 డిసెంబరులో వచ్చిన వర్చువల్‌బాక్స్ 6.1 నుండి పాత దుబాసీ పద్ధతిని పూర్తిగా తొలగించారు. ప్రాసెసరు సహాయం లేనిదే అది నడవదు. కావున "వీటీ-ఎక్స్ గుర్తును తీసివేయండి, పని జరుగుతుంది" అని పాత పుస్తకాలలో కనిపించే సలహా నేడు నిరుపయోగం.

మొదట చూడవలసినది

రోగనిర్ణయానికి క్రమం ముఖ్యం. ప్రాసెసరులో ఆ శక్తి ఉన్నదా? ఉంటే బయోస్ దానిని తెరిచిందా? తెరిస్తే మరెవరైనా దానిని ముందే ఆక్రమించారా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన పిమ్మటనే కల్పిత యంత్రపు అమరికల జోలికి పోవలెను. చాలామంది చివరిదానితో మొదలుపెట్టి, ప్రతి గడిలోను గుర్తులు మార్చి మార్చి, అసలు సమస్యతోపాటు మరో నాలుగింటిని తెచ్చుకొంటారు.

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ భాగంలో సీపీయూ పుటను చూడండి. క్రింద వర్చువలైజేషన్ అనే పంక్తి ఉంటుంది. అక్కడ 'ఎనేబుల్డ్' అని ఉంటే బయోస్ తలుపు తెరిచే ఉన్నది. 'డిజేబుల్డ్' అని ఉంటే మూసి ఉన్నది. ఇంకను వివరంగా తెలియగోరేవారు కమాండ్ ప్రాంప్ట్‌లో 'సిస్టమ్ఇన్ఫో' అనే ఆదేశమివ్వవలెను. జవాబులో చివర హైపర్-వీకి కావలసిన నాలుగు అర్హతలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి ప్రాసెసరుకు శక్తి ఉన్నదా అని, ఒకటి ఫర్మ్‌వేర్‌లో అది తెరవబడినదా అని, ఒకటి పైన చెప్పిన రెండవ అంచె చిరునామాల ఏర్పాటు ఉన్నదా అని తెలుపుతుంది. మొదటిదానికి 'ఎస్' అనీ, ఫర్మ్‌వేర్ పంక్తికి 'నో' అనీ వస్తే సంతోషించవలసినదే; డబ్బు ఖర్చు లేకుండా పరిష్కారం ఉన్నదన్నమాట. నాలుగు అర్హతలకు బదులుగా 'హైపర్‌వైజర్ కనుగొనబడినది' అని ఒకే వాక్యం వస్తే అది మూడవ ప్రశ్నకు జవాబు. దానిని ముందు వివరిస్తాము.

ప్రాసెసరులోనే శక్తి లేకపోవడం నేడు అరుదు. కోర్ 2 కాలంలో తక్కువ ధర నమూనాలు కొన్ని, చిన్న నోట్‌బుక్కులలో వాడిన ఆటమ్ ప్రాసెసర్లు అనేకం ఆ సదుపాయం లేకుండానే వచ్చాయి. నమూనా సంఖ్యను తయారీదారు పట్టికలో చూచుకొంటే సందేహం తీరుతుంది. లేనిదానిని ఏ ప్రోగ్రామూ తెచ్చిపెట్టలేదు.

ఇక్కడ పేర్ల గందరగోళం ఒకటి ఉంది. ఇంటెల్ వారి వీటీ-ఎక్స్ వేరు, వీటీ-డీ వేరు. మొదటిది ప్రాసెసరు ఆదేశాలకు సంబంధించినది. రెండవది గ్రాఫిక్స్ కార్డు వంటి ఒక పరికరాన్ని నేరుగా అతిథికి అప్పగించడానికి ఉపకరించేది. సాధారణ అభ్యాసానికి రెండవదానితో పనిలేదు. బయోస్‌లో వీటీ-డీని తెరిచి, వీటీ-ఎక్స్‌ను మరిచి, పని జరగలేదని వాపోయినవారు మాకు తెలుసు.

బయోస్‌లోని తాళం

విండోస్ తన అధికారంతో ఈ సదుపాయాన్ని తానే తెరుచుకోవచ్చు గదా, మనం బయోస్‌లోకి పోవడమెందుకు అని విద్యార్థులు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. ఇంటెల్ ప్రాసెసరులో ఈ సదుపాయాన్ని నియంత్రించే ప్రత్యేక రిజిస్టరు ఒకటి ఉన్నది. అందులో ఒక బిట్టు వర్చువలైజేషన్‌ను అనుమతిస్తుంది. మరొక బిట్టు తాళం వంటిది. కంప్యూటరు మేల్కొనగానే, ఏ ఆపరేటింగ్ సిస్టమూ రాకముందే, బయోస్ తనకు నిర్దేశించిన విధంగా మొదటి బిట్టును ఉంచి, రెండవదానితో తాళం వేస్తుంది. ఆ తరువాత ఎవరు ఎంత అధికారంతో వచ్చినా ఆ రిజిస్టరును మార్చలేరు. యంత్రం తిరిగి ప్రారంభమైనప్పుడే తాళం వీడుతుంది. కావున మనం మార్చవలసినది బయోస్‌కు ఇచ్చిన నిర్దేశాన్నే.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఆపరేటింగ్ సిస్టము క్రిందనే దూరగల శక్తి ఇది. 2006లో జొవాన్నా రుత్‌కోవ్‌స్కా అనే పరిశోధకురాలు 'బ్లూ పిల్' పేరిట ఒక ప్రయోగాన్ని ప్రదర్శించింది. నడుస్తున్న విండోస్‌ను దానికే తెలియకుండా కల్పిత యంత్రంలోకి నెట్టి, దాని క్రింద ఒక దొంగ పర్యవేక్షకాన్ని కూర్చోబెట్టడం అందలి విశేషం. అవసరం లేనివారికి ఈ తలుపు మూసి ఉంచడమే మేలనే వాదానికి అట్టి ప్రయోగాలు బలమిచ్చాయి. ఏమైనను, అనేక గృహ కంప్యూటర్లు, ముఖ్యంగా పాతవి, తలుపు మూసియే మన చేతికి వస్తాయి.

బయోస్‌లో ప్రవేశించే మీట యంత్రాన్ని బట్టి మారుతుంది. విడిభాగాలతో కూర్చిన డెస్క్‌టాపులలో సాధారణంగా 'డిలీట్', డెల్ యంత్రాలలో 'ఎఫ్2', హెచ్‌పీలో 'ఎఫ్10'. కొత్త యంత్రాలు మీట నొక్కే వ్యవధి కూడ ఇవ్వనంత వేగంగా ప్రారంభమవుతాయి. అట్టివాటిలో షిఫ్ట్ మీటను అదిమిపట్టి విండోస్ మెనూలోని రీస్టార్ట్‌ను ఎంచుకొంటే నీలిరంగు తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, తరువాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆపైన యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. మీట కోసం పోరాడనవసరం లేదు.

లోపలికి పోయాక వెదకవలసిన పేరు అన్ని చోట్ల ఒకటి కాదు. ఇంటెల్ యంత్రాలలో 'ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ' అనీ, 'వీటీఎక్స్' అనీ, మరీ పాతవాటిలో 'వాండర్‌పూల్' అనీ ఉంటుంది. వాండర్‌పూల్ అనేది ఆ సదుపాయానికి ఇంటెల్ వారు పెట్టుకొన్న రహస్యనామం. ఏఎండీ యంత్రాలలో 'ఎస్‌వీఎం మోడ్' అని ఉంటుంది. ఇందులో వర్చువలైజేషన్ అనే మాటయే కనిపించదు కనుక అనేకులు దానిని దాటిపోతారు. పైగా కొందరు తయారీదారులు దీనిని ప్రాసెసరు వేగాన్ని పెంచే అమరికల నడుమ ఉంచుతారు, మరికొందరు సెక్యూరిటీ పుటలో ఉంచుతారు. ఓపికగా అన్ని పుటలు చూడవలెను. దొరికిన దానిని మాత్రమే మార్చి, భద్రపరచి బయటకు రావలెను. పక్కనున్న వోల్టేజి, వేగం అంకెలను కుతూహలంతో ముట్టుకోరాదు.

మార్చి భద్రపరచినా ఫలితం కనిపించకపోతే కంప్యూటరును పూర్తిగా ఆర్పి, గోడ దగ్గర స్విచ్చి తీసివేసి, అర నిమిషం ఆగి తిరిగి వెలిగించవలెను. కొన్ని బోర్డులలో రీస్టార్ట్ మాత్రం చేస్తే పాత తాళం అలాగే నిలిచిపోతుంది. డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉన్న యంత్రాలలో, బయోస్‌ను ముట్టుకొనే ముందే దాని రికవరీ కీని వేరొకచోట వ్రాసిపెట్టుకోవడం తప్పనిసరి. ఫర్మ్‌వేర్‌లో మార్పు జరిగినదని గ్రహిస్తే విండోస్ ఆ 48 అంకెల సంఖ్యను అడగవచ్చు. అది లేనివారికి ఇంటిలోని దస్త్రాలన్నీ అందకుండా పోతాయి. ఇది మేము భయపెట్టడానికి చెప్పే మాట కాదు.

నిన్న పనిచేసి నేడు చేయకపోతే

మా పరిశీలనకు వచ్చిన ఒక ఉదాహరణ ఆసక్తికరమైనది. ఒక విద్యార్థి సెకండ్‌హ్యాండులో కొన్న డెస్క్‌టాపులో వీటీ-ఎక్స్‌ను చక్కగా తెరుచుకొని, కొన్ని వారాలు అభ్యాసం చేశాడు. ఒక ఉదయం పాత సందేశమే తిరిగి వచ్చింది. బయోస్‌లో చూస్తే అమరిక మూసి ఉంది. తెరిచాడు, పని జరిగింది. మరునాడు మళ్లీ అదే. వైరస్ అనుకొని విండోస్‌ను రెండుసార్లు తిరిగి ఎక్కించాడు. ప్రయోజనం లేదు.

కీలకమైన సాక్ష్యం వేరొకచోట ఉన్నది. ఆ కంప్యూటరు గడియారం ప్రతి ఉదయం ఏళ్ల క్రిందటి తేదీని చూపుతున్నది. ఇంటర్నెట్ పుటలు తెరవబోతే ధ్రువపత్రాలు చెల్లవని హెచ్చరికలు వస్తున్నవి. గడియారం, బయోస్ అమరికలు రెండును ఒకేసారి చెరిగిపోతున్నవంటే అనుమానించవలసినది మదర్‌బోర్డుపై నాణెం ఆకారంలో ఉండే బ్యాటరీని. దాని పేరు సీఆర్2032, వోల్టేజి 3. అది క్షీణిస్తే, కరెంటు పూర్తిగా తొలగినప్పుడు బయోస్ తన మొదటి అమరికలకు తిరిగిపోతుంది. ఆ యంత్రపు మొదటి అమరికలో వర్చువలైజేషన్ మూసి ఉండటమే కథ అంతా.

మన ఇండ్లలో ఈ లోపం త్వరగా బయటపడడానికి మరొక కారణం కూడ ఉన్నది. గోడ దగ్గర స్విచ్చి తీయకుండా ఉంచితే, కంప్యూటరు ఆర్పివున్నా దాని పవర్ సప్లై కొద్దిపాటి కరెంటును బోర్డుకు అందిస్తూనే ఉంటుంది, బ్యాటరీకి విశ్రాంతి. మనవారు రాత్రి పడుకొనే ముందు అన్ని స్విచ్చులూ తీసివేస్తారు. మంచి అలవాటే గాని, ఆ రాత్రంతా గడియారాన్ని, అమరికలను మోయవలసినది ఆ చిన్న బ్యాటరీ ఒక్కటే. వేసవిలో కరెంటు కోతలు సరేసరి. కంప్యూటరు తీగను పూర్తిగా ఊడదీసి, పాతదానిని తొలగించి, గుర్తు పైకి ఉండునట్లు కొత్తదానిని అమర్చి, బయోస్‌లో తేదీని, వర్చువలైజేషన్‌ను తిరిగి సరిచేయడంతో ఆ విద్యార్థి సమస్య తీరింది. అయిన ఖర్చు ఒక బ్యాటరీ ధర.

తాళం తీసినా తలుపు తెరుచుకోనప్పుడు

బయోస్‌లో తెరిచియే ఉంది, టాస్క్ మేనేజర్ కూడ 'ఎనేబుల్డ్' అంటున్నది. అయినను వర్చువల్‌బాక్స్ మొరాయిస్తున్నది. నేటి విండోస్ యంత్రాలలో అత్యధికుల సమస్య ఇదే. ఇక్కడ హెచ్చరికలోని పదాలను జాగ్రత్తగా చదవవలెను. 'బయోస్‌లో నిలిపివేయబడినది' అనే సందేశానికీ, 'లభ్యం కాదు' అనే సందేశానికీ భేదమున్నది. మొదటిది తలుపు మూసి ఉన్నదని చెబుతుంది. రెండవది చాలా సందర్భాలలో తలుపు తెరిచే ఉన్నా లోపల మరొకరు కూర్చున్నారని చెబుతుంది. ఆ మరొకరు సాధారణంగా విండోస్ వారి సొంత పర్యవేక్షకమైన హైపర్-వీ.

హైపర్-వీ మేల్కొన్న కంప్యూటరులో విండోస్ ఇక ఇంటి యజమాని కాదు. యజమాని స్థానంలో హైపర్-వీ కూర్చొని, విండోస్‌ను కూడ ఒక కిరాయిదారుగా మారుస్తుంది. అందరికంటె పెద్ద గది ఇచ్చి, అధికారాలు అనేకం ఇచ్చి ఉంచుతుంది గాని, కిరాయిదారు కిరాయిదారే. అట్టి విండోస్‌లో నడిచే వర్చువల్‌బాక్స్ వీటీ-ఎక్స్‌ను అడిగితే దొరకదు. యజమాని పదవి ఒక్కటే గదా.

"మేము హైపర్-వీని ఎన్నడూ ఎక్కించలేదు, మాది విండోస్ హోమ్" అని అనేకులు అంటారు. నిజమే కావచ్చును. హైపర్-వీ మేనేజరు హోమ్ సంచికలో ఉండదు. కాని దాని అంతర్భాగమైన పర్యవేక్షకం ఇతర మార్గాల ద్వారా మేల్కొంటుంది. విండోస్‌లో లినక్స్‌ను నడిపించే డబ్ల్యూఎస్ఎల్ రెండవ సంచిక దానిని కోరుతుంది. డాకర్ డెస్క్‌టాపు సాధారణంగా దాని మీదనే నడుస్తుంది. అన్నిటికంటె ముఖ్యం, 2021లో వచ్చిన విండోస్ 11 అనేక కొత్త కంప్యూటర్లలో 'మెమరీ ఇంటిగ్రిటీ' అనే రక్షణను తనంతట తానే ఆరంభిస్తుంది. ఆ రక్షణ కూడ ఇదే పర్యవేక్షకం మీద ఆధారపడినది. 'ఎంఎస్ఇన్ఫో32' అనే ప్రోగ్రామును తెరిచి, మొదటి పుట దిగువన వర్చువలైజేషన్ ఆధారిత రక్షణ 'రన్నింగ్' అని ఉన్నదో లేదో చూస్తే విషయం తేలిపోతుంది.

2018 డిసెంబరులో వచ్చిన వర్చువల్‌బాక్స్ 6.0 నుండి ఒక రాజీమార్గం ఉన్నది. హైపర్-వీ ఆసీనమై ఉంటే దానితో పోట్లాడక, దాని ద్వారానే అతిథిని నడిపిస్తుంది. అట్టి సమయంలో కిటికీ అడుగున వరుసగా ఉండే చిహ్నాలలో ఒక ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. నిదానమని సూచించడానికి తయారీదారులు పెట్టిన ఆ గుర్తు ముచ్చటైనదే. మామూలు లినక్స్ పాఠాలకు, సీ ప్రోగ్రాములకు, డేటాబేసు అభ్యాసానికి ఈ తాబేలు నడక చాలును. కొందరు అతిథులు మాత్రం ఈ స్థితిలో స్తంభించిపోవడమో, మరీ మందగించడమో జరుగుతుంది.

అప్పుడు రెండు దారులు. విండోస్ ఫీచర్స్ పట్టికలో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్, శాండ్‌బాక్స్ గుర్తులను తొలగించి, విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసొలేషన్ పుటలో మెమరీ ఇంటిగ్రిటీని ఆపి, రీస్టార్ట్ చేయడం ఒకటి. నిర్వాహకుని అధికారంతో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో 'బీసీడీఎడిట్' ద్వారా 'హైపర్‌వైజర్ లాంచ్ టైప్' అనే అంశాన్ని 'ఆఫ్' చేయడం మరొకటి. 'ఆటో' అని తిరిగి మారిస్తే పూర్వస్థితి వస్తుంది. ఈ రెండవ పద్ధతిలో పర్యవేక్షకం మేల్కొనదు గాని దాని మీద ఆధారపడిన డబ్ల్యూఎస్ఎల్, డాకర్‌లు కూడ పనిచేయవు. విండోస్‌లో 'షట్‌డౌన్' నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ మూలంగా కెర్నెల్ స్థితి డిస్కులో భద్రమై, మరునాడు అదే తిరిగి లేస్తుంది. కావున ఈ మార్పుల తరువాత తప్పక 'రీస్టార్ట్' నొక్కవలెను. ఈ ఒక్క భేదం తెలియక మార్పు ఫలించలేదని నిరాశపడినవారు కొల్లలు.

మెమరీ ఇంటిగ్రిటీ విషయంలో మా అభిప్రాయాన్ని దాచదలచుకోలేదు. దానిని ఆపమని చెప్పే పాఠాలు అనేకం. ఆపితే ఏమి పోతుందో చెప్పేవి తక్కువ. కెర్నెల్‌లోకి దొంగ డ్రైవర్లు చొరబడకుండా అది కాపలా కాస్తుంది. ఇంటివారందరి బ్యాంకు పనులు, తండ్రిగారి వ్యాపారపు లెక్కలు జరిగే యంత్రంలో, ఒక విద్యార్థి తన సౌకర్యం కోసం ఇంటిల్లిపాది కాపలాను తీసివేయడం తగదు. అట్టి ఇంటిలో తాబేలుతో సర్దుకోవడం, లేదా వర్చువల్‌బాక్స్‌ను విడిచి డబ్ల్యూఎస్ఎల్‌లో లినక్స్ నేర్చుకోవడం మంచిది. కమాండ్ లైను పాఠాలకు ఆ రెండవదే సుఖం. యంత్రం పూర్తిగా తనదే అయి, అందులో పోగొట్టుకోదగినది ఏమీ లేనివాడు తన ఇష్టప్రకారం చేసుకోవచ్చు.

లినక్స్ ఆతిథేయిగా ఉన్నప్పుడు

లినక్స్ వాడుకరులకు చిక్కులు తక్కువ. 2007లో విడుదలైన 2.6.20 కెర్నెల్ నుండి కేవీఎం అనే పర్యవేక్షకం కెర్నెల్‌లోనే భాగం. 'ఎల్ఎస్‌సీపీయూ' ఆదేశమిస్తే ఇంటెల్ యంత్రంలో వీటీ-ఎక్స్ అనీ, ఏఎండీ యంత్రంలో ఏఎండీ-వీ అనీ కనిపిస్తుంది. బయోస్ తాళం వేసివుంటే కెర్నెల్ సందేశాలలో ఆ మాట స్పష్టంగా ఉంటుంది. అన్నీ సరిగా ఉండి అనుమతి లేదని వస్తే వాడుకరి పేరును 'కేవీఎం' సమూహంలో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రావలెను.

ఇక్కడ కూడ యజమాని తగాదా ఒకటి 2024 నవంబరులో వచ్చింది. ఆ నెల విడుదలైన 6.12 కెర్నెల్‌లో కేవీఎం ఎవరూ అడుగకముందే, తాను లోడ్ అయినప్పుడే వీటీ-ఎక్స్‌ను చేపట్టడం మొదలుపెట్టింది. అంతవరకు హాయిగా నడిచిన వర్చువల్‌బాక్స్ ఆ కెర్నెల్ రాగానే అనేకుల యంత్రాలలో ఆగిపోయింది. కేవీఎం మాడ్యూలును 'మోడ్‌ప్రోబ్' ద్వారా దించివేయడం, లేదా కేవీఎం ముందుగా ఆక్రమించకుండా కెర్నెల్‌కు ప్రారంభంలోనే ఒక పారామీటరు ఇవ్వడం దానికి విరుగుడు.

వర్చువలైజేషన్‌కు అంటగట్టే ఇతర నేరాలు

నాలుగు గిగాబైట్ల ర్యామ్ ఉన్న కంప్యూటరులో అతిథికి మూడు ఇచ్చి, రెండును నత్తనడక నడుస్తున్నవని వీటీ-ఎక్స్‌ను నిందించడం సరికాదు. అతిథికి సగం మించి ఇవ్వకుండుట క్షేమం. తిరిగే హార్డ్‌డిస్కు మీద రెండు వ్యవస్థలు ఒకేసారి చదవబోతే అది ఇటూ అటూ పరుగెత్తి అలసిపోతుంది. అక్కడ లోపం డిస్కుది. ఎస్ఎస్‌డీ అమర్చితే తీరుతుంది. 2020 చివర నుండి ఆపిల్ వారు విక్రయిస్తున్న ఎం శ్రేణి ప్రాసెసర్ల యంత్రాలలో ఇంటెల్ కోసం తయారైన విండోస్, లినక్స్‌లు వర్చువలైజేషన్ పద్ధతిలో నడవవు. అతిథీ ఆతిథేయీ ఒకే ఆదేశ భాష మాట్లాడితేనే ఈ పద్ధతి సాధ్యం. అక్కడ ఆర్మ్ కోసం తయారైన సంచికలనే ఎక్కించవలెను.

సెకండ్‌హ్యాండు కంప్యూటరు కొనదలచినవారు, అది సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో గాని, వీధి చివరి దుకాణంలో గాని, పైకం చెల్లించక ముందే అక్కడనే బయోస్ తెరిపించి చూడవలెను. కార్యాలయాల నుండి వచ్చే పాత యంత్రాలలో అనేకం నిర్వాహకుని పాస్‌వర్డుతో వస్తాయి. ఆ పాస్‌వర్డు తెలియనిదే వర్చువలైజేషన్ పంక్తి కంటికి కనిపిస్తుంది గాని మారదు. డెస్క్‌టాపులో బోర్డు మీది జంపరును కదిపి దానిని తొలగించే వీలు తరచు ఉంటుంది. ల్యాప్‌టాపులో చాలాసార్లు ఆ వీలు ఉండదు. తయారీదారు వద్దకు పోతే వారు మొదటి కొనుగోలు రసీదు అడుగుతారు. కావున విక్రేత ఎదుటనే ఆ అమరికను తెరిచి, భద్రపరచి, యంత్రాన్ని ఆర్పి వెలిగించి, టాస్క్ మేనేజరులో 'ఎనేబుల్డ్' అనే మాటను కంటితో చూచిన తరువాతనే బేరం ముగించవలెను. ఆ సమయంలోనే గడియారం సరియైన తేదీ చూపుతున్నదో లేదో కూడ ఒకసారి గమనించవచ్చు.